తరవాణి కుండ పక్కన

గేట్ పాస్ ఇక చెల్లదని తెలిసిన తర్వాత కూడా అప్పలసూరి నెల రోజుల పాటు పొద్దున్నే ఐదింటికి లేచి, బూట్లు తొడుక్కుని, సైకిల్ మీద భిలాయ్ స్టీల్ ప్లాంటు గేటు దాకా వెళ్లి వచ్చేవాడు. లోపలికి వెళ్లే పాతవాళ్ల కంట పడకుండా టీ బండి వెనక నిలబడేవాడు. షిఫ్టు మొదలయ్యాక మరోదా పేటలో ఇంటికి తిరిగొచ్చి, బూట్లు విప్పి, గుడ్డతో తుడిచి మంచం కింద పెట్టేవాడు.

ప్లాంటులో అతను ఇరవై రెండేళ్లు కాంట్రాక్టు మీద ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా చేశాడు. కొలిమిలో ఎంత వేడి ఉందో చెప్పే తీగలు నిజం చెబుతున్నాయో లేదో చూడడం అతని పని. చదువు పదో తరగతి. పనంతా పరబ్రహ్మం అనే పాత మేస్త్రీ పక్కన నిలబడి చూసి నేర్చుకున్నదే. కాంట్రాక్టు చేతులు మారినప్పుడు, నలభై లోపు వయసుండి సర్టిఫికెట్ ఉన్నవాళ్లనే కొత్తవాళ్లు ఉంచుకున్నారు. అప్పలసూరికి నలభై తొమ్మిది.

పవర్ హౌస్ మార్కెట్‌లో నాకు రిపేరు దుకాణం ఉంది. మిక్సీలు, గ్యాస్ పొయ్యిలు, కూలర్ మోటార్లు బాగు చేస్తాను. వరసకి నేను అప్పలసూరికి బావని. అతను వచ్చి నా పక్కన కూర్చునేవాడు. ఇద్దరికి సరిపడా పని ఆ దుకాణంలో లేదు. అది నాకూ తెలుసు, అతనికీ తెలుసు. నేను టీ తెప్పించే వేళకి ఏదో ఒక వంక చెప్పి లేచిపోయేవాడు. సంక్రాంతి వెళ్లాక గడ్డం గీసుకోవడం మానేశాడు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం అతని భార్య భాగ్యరేఖ దుకాణానికి వచ్చింది. ఆమె ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతుంది. నిలబడే మాట్లాడింది. మరోదా ట్యాంకు అనే చెరువు గట్టు మీద అతను చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని రెండు గంటలు నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడని ఎవరో చూసి చెప్పారట. "అన్నయ్యా, ఆయన్ని ఒక్కర్నీ ఉండనీకండి. పనుంటే చెప్పండి, లేకపోతే ఉందని అబద్ధమైనా చెప్పండి," అంది.

అబద్ధం చెప్పే అవసరం రాలేదు. వారం తిరక్కుండా విక్రమ్ వచ్చాడు.

విక్రమ్ రైల్వే కుటుంబం అబ్బాయి. తాత కాలంలోనే శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు. పూణేలో బీరు తయారుచేయడం నేర్చుకుని, రాయపూర్ రోడ్డులో కొత్తగా కడుతున్న ఒక హోటల్లో బీరు కాచే విభాగానికి పెద్దగా చేరాడు. చల్లబరిచే యంత్రానికి ఉన్న కంట్రోలర్ నాలుగు డిగ్రీలు తప్పు చూపిస్తోందని చేతిలో పట్టుకొచ్చాడు. ముగ్గురు దాన్ని విప్పి చూశారట, ఒకడు మార్చేయమన్నాడట.

అప్పలసూరి దాన్ని విప్పలేదు. ఐసు ముక్కలు దంచి గ్లాసులో వేసి అందులో తీగ ముంచాడు. కాసేపు అంకెలు చూశాడు. తీగని వేళ్లతో తడుముకుంటూ వెనక్కి వెళ్లి ఒక చోట ఆగాడు. అసలు తీగ పొడవు చాలక ఎవరో మామూలు రాగి తీగ అతికించారు. ఆ అతుకు దగ్గర గది వేడి కూడా లెక్కలోకి వస్తోంది. సరైన తీగ వేసి కలిపాడు. అంకె సున్నా దగ్గర నిలబడింది.

విక్రమ్ సంతోషం పట్టలేక బ్యాగులోంచి ఒక సీసా తీసి ఇచ్చాడు. బెల్జియం దేశం పద్ధతిలో గోధుమలతో చేసే బీరు, నారింజ తొక్క, ధనియాలు వేస్తారు అన్నాడు. అప్పలసూరి తాగే మనిషి కాదు. ఒక్క గుక్క నోట్లో ఉంచుకుని, మింగి, "ధనియాలు ఎప్పుడేస్తారు? మరుగుతున్నప్పుడా, దించినాకా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న విక్రమ్‌ని పట్టేసింది. కాచే గదిలో ఒక మనిషి కావాలని, వేడి చూసుకోవాలి, వాల్వులు చూసుకోవాలి, కాచే వరస తెలియాలని చెప్పాడు. హోటల్ యజమాని సేఠ్ దగ్గరకి సర్టిఫికెట్లు పట్టుకుని జనం వస్తున్నారు. "నేను బోల్‌తాను అంకుల్, కానీ ఖాళీ మాటతో సేఠ్ వినడు. ఆరు సీసాలు మీ చేత్తో కాచి తెండి. మే రెండో ఆదివారం ఆయన రుచి చూస్తారు. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ లేదు."

రెండుసార్లు కాచడానికి సరిపడా మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, చిటికెడు హాప్స్ అనే చేదు పూలు, జామ్ సీసాలో తెల్లటి ముద్దలా ఉన్న, పులియబెట్టే ఈస్ట్ ఇచ్చాడు. ఈస్ట్ బయటి దేశం నుంచి లెక్కగా వచ్చిందని, మళ్లీ అడగొద్దని ముందే చెప్పాడు. అనుమతి లేకుండా ఇంట్లో కాయడం తప్పని ఇద్దరికీ తెలుసు. అమ్మేది కాదు కదా అన్నాడు విక్రమ్. కాచిన రోజు మాత్రం అప్పలసూరి కిటికీలు మూసేశాడు. వాసనకి పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆమె వచ్చి హల్వా చేస్తున్నారా అని అడిగిందట.

ఆ పని అతను ఎలా చేశాడో నేను చూశాను కనుక రాస్తున్నాను. ముందు థర్మామీటర్‌ని ఐసులోనూ, మరిగే నీళ్లలోనూ పెట్టి ఎంత తప్పు చూపిస్తోందో కాగితం మీద రాసుకున్నాడు. ఆ తర్వాతే పొయ్యి వెలిగించాడు. గోధుమలు మెత్తగా ఉడికించి, మిక్సీలో పలుకులుగా ఆడించిన బార్లీ కలిపి, అరవై ఆరు డిగ్రీల దగ్గర గంట సేపు నిలిపాడు. పాల క్యాను చుట్టూ బొంత చుట్టి, ప్రతి పది నిమిషాలకీ చూశాడు. ఒక్క డిగ్రీ దిగితే వేడినీళ్లు గరిటెడు పోశాడు. గంట గడిచేసరికి ఆ గంజి దానంతట అదే తియ్యగా మారింది. వడకట్టి, చేదు పూలు వేసి మరగబెట్టి, దించే ముందు ధనియాలు, సంత్రా నారింజ తొక్కలు వేశాడు. తొక్క లోపలి తెలుపు రాకుండా బ్లేడుతో గీరి తీశాడు, అది చేదట. క్యానుని ఐసు తొట్టెలో పెట్టి చల్లార్చి, ఈస్ట్ కలిపి, మూత బిగించి, మూతలోంచి ఒక గొట్టం నీళ్ల గ్లాసులోకి దించాడు. లోపల పులుస్తున్నంత సేపూ గ్లాసులో బుడగలు వస్తాయి.

దాన్ని చల్లటి చోట ఉంచాలి. భిలాయ్‌లో మార్చి ఆఖరుకే గోడలు కాలుతుంటాయి. ఆ రెండు గదుల ఇంట్లో చల్లగా ఉండే చోటు ఒక్కటే. వంటింటి ఈశాన్యం మూల, తడి ఇసక మీద అతని తల్లి తులసమ్మ తరవాణి కుండ పెట్టుకున్న చోటు.

తులసమ్మకి డెబ్బై మూడేళ్లు. చీపురుపల్లి దగ్గర పల్లె నుంచి పెళ్లయి వచ్చినప్పుడు అత్తగారి కుండలోంచి ఒక చెంబుడు తరవాణి మూతికి గుడ్డ కట్టి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. రోజూ గంజి, బియ్యం కడుగు అందులో పోస్తూ, పులిసిన తేట తీస్తూ, యాభై ఏళ్లుగా ఆ కుండని ఖాళీ కానివ్వలేదు. భర్త ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసిన రోజుల్లో సెక్టర్ 2 క్వార్టర్లో ఆ వరసలో తెలుగిళ్లన్నిటికీ ఆమె కుండే ఆధారం. ఎవరి తరవాణైనా చచ్చిపోతే, అంటే పులుపు విరిగి నీచు వాసన వస్తే, చెంబు పట్టుకుని ఆమె దగ్గరకే వచ్చేవారు. ఒక చెంబుడు పోస్తే మర్నాటికి వాళ్ల కుండ లేచేది.

కొడుకు అడగగానే కుండని మూరెడు పక్కకి జరిపింది. "మీ నాన్నకే ఇవ్వనేదురా ఈ మూల," అంది.

మొదటిసారి కాచింది పోయింది. ధనియాలు కచ్చాపచ్చాగా దంచి ఇమ్మని అతను తల్లిని అడిగాడు. ఆమె దోరగా వేయించి దంచింది. జన్మలో ఆమె పచ్చి ధనియాలు దంచి ఎరగదు. రోలు దగ్గరకి పోయే ముందు మూకుడు పొయ్యెక్కాల్సిందే. మరుగుతున్న దాంట్లో పడేదాకా అతను చూసుకోలేదు. పది రోజుల తర్వాత విక్రమ్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "అంకుల్, ఇందులో కందిపప్పు ఒక్కటే కమ్, అచ్చం చారు వాసన," అన్నాడు. కానీ వేడి, పులియడం అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడు. అడుగున పేరుకున్న ఈస్ట్‌ని అప్పలసూరి సీసాలోకి తీసి ఫ్రిజ్‌లో దాచాడు. బార్లీ ఇంకొక్కసారికే ఉంది.

తులసమ్మకి ఆ మాట తెలిసి రెండు రోజులు అన్నం సయించలేదు. నా వల్ల పాడైంది, నా వల్ల పాడైంది అని గోడకి చెప్పుకునేదట.

రెండోసారి ఏప్రిల్ మూడో ఆదివారం కాచాడు. ధనియాలు అతనే దంచాడు. నాగపూర్ నుంచి వచ్చే సంత్రాలు అప్పటికి ఆఖరు, మార్కెట్ అంతా తిరిగి తొక్క గట్టిగా ఉన్నవి ఏరి తెచ్చాడు. క్యాను చుట్టూ తడి గోనె కట్టి, ఇసక తడుపుతూ, ఇరవై రెండు డిగ్రీలు దాటనివ్వలేదు. మర్నాటికే గ్లాసులో బుడగలు ఆగకుండా వచ్చాయి. ఆ మూడు రోజులూ అతను గడ్డం గీసుకున్నాడు. దుకాణంలో నేను తెప్పించిన టీ తాగాడు. తులసమ్మ ఆ మూల ముందే పీట వేసుకుని కూర్చుని బుడగలు చూసేది. పిల్లి రాకుండా, ఎవరూ ముట్టుకోకుండా కాపలా.

నాలుగో రోజు, గురువారం, ఖాళీ సీసాలు కొనుక్కుని మధ్యాహ్నం ఇంటికి వెళ్లాడు. తులసమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోందట.

"సల్లారిపోనాదిరా బాబూ. నిన్నటిదాకా బుడబుడలాడింది, పొద్దుట్నుంచి మూగ. నురుగంతా పడిపోనాది. నీకు సెప్తే మళ్లీ బెంగెట్టుకుంటావని, మన తరవాణి ఒక చెంబుడు పోసీసేను. భయపడకు. రేపటికి లేస్తాది."

బీరు చావలేదు. మూడు నాలుగు రోజులు ఉరకలేసి, నురుగు పడి, నెమ్మదించడమే దాని ధర్మం. ఆ సంగతి అప్పలసూరికి తెలుసు. తల్లికి చెప్పాలని అతనికి తోచలేదు.

అతను అరవలేదు. అరిచినా బాగుండేదని భాగ్యరేఖ తర్వాత నాతో అంది. మూత తీసి వాసన చూశాడు, మూత పెట్టాడు, సీసాలు గోడవారగా వరసగా నిలబెట్టాడు, సైకిల్ తీసుకుని వెళ్లిపోయాడు. ఆమె నాకు ఫోన్ చేసింది. నేను దుకాణం అలాగే వదిలేసి మరోదా ట్యాంకుకి బండి పోనిచ్చాను.

గట్టు మీదే ఉన్నాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. చెప్పులు పక్కన ఉన్నాయి. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. అతనే మొదలుపెట్టాడు.

"బావా, ఇరవై రెండేళ్లు వేడి కొలిసేను. ఎక్కడో అతుకులో తప్పుంటే ఏలితో పట్టీసేవోణ్ణి. యాభై ఏళ్ల కుండ పక్కన ఈ క్యాను తీసుకెళ్లి నేనే ఎట్టుకున్నాను. అమ్మదేటి తప్పు?"

విక్రమ్‌కి ఫోన్ చేసి ఉన్నది చెప్పమన్నాను.

"ఒకసారి చారు, ఒకసారి తరవాణి. మూడోసారి ఏ మొహంతో అడగను? ఇంక నేనెందుకూ పనికిరాను బావా. పొద్దున్న లేచి ఎక్కడికెళ్లాలో నాకు తెలీదు."

ఓదార్చే మాటలు ఆ గట్టు మీద పనిచేసేవి కావు. నాకు నిజంగా తెలుసుకోవాలనిపించింది అడిగాను. ఐసులో పెడితే ఆ పులుపు ఆగుతుందా?

అతను నీళ్లకేసి చూస్తూనే ఉన్నాడు. "ఆగదు," అన్నాడు. కాసేపయ్యాక, "నెమ్మదిస్తాది," అన్నాడు. ఇంకాసేపటికి, "రెండు డిగ్రీలకి దించితే అదీ పడుకుంటాది, ఈస్టూ పడుకుంటాది. ఈస్ట్ పని చాలామట్టుకి అయిపోనాది కాబట్టి..." అని ఆగి, చెప్పుల కోసం కాలు చాపాడు.

పవర్ హౌస్ చేపల బజారులో ఐసు దిమ్మలు కొని నా బండి మీద వేసుకుని వెళ్లాం. ఎనిమిది రోజులు అలా నడిచింది. క్యాను పెట్టిన తొట్టెలో పొద్దున ఒక దిమ్మ, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. కూతురు అమ్ము కాలేజీ నుంచి రాగానే కరిగిన నీళ్లు తోడి పోసేది. అప్పలసూరి రోజూ ఒక చెంచా తీసి నాలిక మీద వేసుకుని కాగితం మీద ఒక ముక్క రాసుకునేవాడు. నేనూ రుచి చూశాను. మొదటి రెండు రోజులు ఏమీ తెలియలేదు. మూడో రోజు నాలిక అంచున చిన్న చురుకు. ఐదో రోజుకి ఎవరికైనా తెలుస్తుంది. నారింజ ఉంది, ధనియాల వాసన ఉంది, వాటి వెనకాల తులసమ్మ కుండ కూడా ఉంది.

ఇదంతా ఎందుకని తులసమ్మ అడిగింది. ఎండకి చల్లగా ఉండాలని చెప్పాడు. లేచిందా అని అడిగింది. లేచిందమ్మా అన్నాడు.

తర్వాత సీసాల్లో పట్టాలి. పొంగు రావడానికి సీసాకి కాస్త పంచదార వేసి, వారం రోజులు ఐసు లేకుండా గదిలో ఉంచాలి. ఇక్కడే అతను భయపడ్డాడు. వెచ్చబడితే లోపలున్నది మళ్లీ లేస్తుంది. ఎనిమిది సీసాలు వచ్చాయి. నాలుగో రోజు ఒకటి పేలింది, ఐదో రోజు ఇంకొకటి. మిగిలిన వాటికి తడి గోనె కప్పి, దేవుడి ముందు దీపం పెట్టినట్టు రోజూ ఆ గోనె తడిపాడు. ఆదివారానికి సరిగ్గా ఆరు మిగిలాయి.

బయల్దేరే ముందు భాగ్యరేఖ ఒక మాట అంది. ఫోన్లో చూశానని, పుల్లటి బీర్లు కూడా ఆ బెల్జియంలో చేస్తారట, కావాలనే అలా చేశానని చెప్పమంది. ఆమెది తప్పని నేననను. ట్యాంకు గట్టు ఆమె కళ్లలో ఉంది. అప్పలసూరి తల ఊపాడు. దారిలో నా బండి వెనక కూర్చుని, ఒళ్లో తడి తువ్వాల్లో చుట్టిన సీసాలతో, ఆ మాటే రెండు మూడుసార్లు హిందీలో తనలో తను అనుకున్నాడు. నాకు వినబడింది.

హోటల్లో సేఠ్, విక్రమ్, చొక్కా టక్ చేసుకున్న ఒక పాతికేళ్ల కుర్రాడు ఉన్నారు. ఆ కుర్రాడు సర్టిఫికెట్ ఉన్నవాడు, మనోజ్‌కుమార్. విక్రమ్ సీసా తెరిచి గ్లాసుల్లో పోశాడు. మబ్బులాంటి లేత పసుపు రంగు, పైన తెల్లటి నురుగు. చూడడానికి తప్పు పట్టేది ఏమీ లేదు. విక్రమ్ ఒక గుక్క తాగి అప్పలసూరి మొహంలోకి చూశాడు. సరుకు పాడైందని విక్రమ్‌కి తెలిసిపోయింది.

సేఠ్ తాగాడు, మళ్లీ తాగాడు. "ఖట్టా హై. మగర్ అచ్ఛా హై," పుల్లగా ఉన్నా బాగుందన్నాడు. మజ్జిగలా దాహం తీరుస్తోందని, ఈ ఎండలకి జనం దీన్నే అడుగుతారని నవ్వాడు. పని ఇచ్చేసినట్టే మాట్లాడుతున్నాడు. ఆఖర్న, వెయ్యి లీటర్ల ట్యాంకులో ప్రతిసారీ సరిగ్గా ఇదే రుచి తేగలవా అని అడిగాడు.

అప్పలసూరి గ్లాసు బల్ల మీద పెట్టాడు. దారంతా అనుకున్న మాట నాలిక మీదే ఉంది, నాకు తెలుసు. భాగ్యరేఖ కోసం అతను ఆ మాట చెప్పాలని నేను కూడా కోరుకున్నాను.

"నహీఁ సాబ్," అన్నాడు. ఇది తను చేసింది కాదని, పాడైన సరుకని, ఇంట్లో పులిసిన గంజి కలిసిందని చెప్పాడు. ఎంత పులుస్తుందో, ఎప్పుడు ఆగుతుందో తన చేతిలో లేదన్నాడు. రెండు సీసాలు పేలాయని కూడా చెప్పాడు. మీ ట్యాంకులోకి ఇది వెళ్తే ఇక ఏ గొట్టంలోంచీ వదలదని, ఆ గ్లాసులు వేడినీళ్లతో విడిగా కడిగించమని చెప్పాడు.

సేఠ్ మొహం మారిపోయింది. ఎవరి ఇంటి గంజో తాగానన్న అసహ్యం కనబడింది. లేచి వెళ్లిపోయాడు. మనోజ్‌కుమార్ నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు.

తిరిగొచ్చేటప్పుడు మరోదా ట్యాంకు వైపు దారి తప్పించి వేరే వీధుల్లోంచి బండి నడిపాను. అతను గమనించాడు. "అటే పోనీ బావా. ఏటీ చెయ్యను," అన్నాడు. నేను అటు పోనివ్వలేదు. ఇంటి దగ్గర దింపి, ఆ రోజంతా అక్కడే ఉన్నాను. భాగ్యరేఖ ఏమైందని అడగలేదు, తువ్వాలు ఉతికి ఆరేసింది.

మంగళవారం విక్రమ్ ఫోన్ చేశాడు. కాచే గదిలోకి మనోజ్‌కుమార్‌ని తీసుకున్నారు. ట్యాంకులు, గొట్టాలు కడిగే మనిషి కావాలట. రోజు కూలి. దానికి సేఠ్‌ని అడగక్కర్లేదట. "కడగడం మీకు చెప్పనక్కర్లేదు అంకుల్," అన్నాడు. కొలిమి వేడి కొలిచిన మనిషి బ్రష్షు పట్టుకుంటాడా అని నేను సందేహించాను. అప్పలసూరి మంచం కిందనుంచి బూట్లు తీశాడు.

ఇప్పుడు ఐదింటికి లేస్తాడు. అది పాత అలవాటే. కొత్తది ఒకటుంది. చిన్నప్పట్నుంచి పొద్దున్నే తరవాణి పోసుకుని చద్దన్నం తిని వెళ్లేవాడు. ప్లాంటులో ఉన్నన్నాళ్లూ అదే. ఇప్పుడు పనికి వెళ్లే రోజు, ఆ పులుపు తనకంటి ట్యాంకుల్లోకి చేరకూడదని, ఆ కుండ ఉన్న గదిలోకే అడుగు పెట్టడు. ఇస్త్రీ చేసిన విడి బట్టలు సంచిలో పెట్టుకుంటాడు. మోచేతుల దాకా సబ్బుతో మూడుసార్లు కడుక్కుని, రెండు బిస్కెట్లు తిని బయల్దేరతాడు.

డాక్టరు పులుపు వద్దన్నాడని తల్లికి చెప్పాడు. తులసమ్మ నమ్మింది, కానీ మనసు ఒప్పుకోలేదు. రోజూ పొద్దున్న గిన్నెలో తేట వంచి, ఉల్లిపాయ విడిగా తరిగి, గుమ్మం దాకా తెచ్చి నిలబడుతుంది. అతను తల వంచుకుని బూట్ల తాళ్లు కట్టుకుంటాడు, ముడి వేసి, విప్పి, మళ్లీ వేస్తాడు. గేటు చప్పుడయ్యాక ఆమె ఆ గిన్నె తీసుకెళ్లి మళ్లీ కుండలోనే పోస్తుంది.